‘మనకు తెలియని మన చరిత్ర’: కంఠము – అక్షరము

తార్నాకను ఆనుకొనియున్న ఉస్మానియా ప్రాంగణమున 1974లో విద్యార్థినులు ప్రగతిశీల మహిళా సంఘమును స్థాపించిరి. వారిలో కొందరు చేరగా 1978లో ఏర్పడిన స్త్రీశక్తి సంఘటన తెలంగాణ సాయుధపోరాట స్త్రీల కథనములను టేపురికార్డరుపై సేకరించి, 1986లో ఈ గ్రంథమును వెలువరించినది.

దీనిని చరిత్రకు ఆకరముగా మాత్రమే చదువుట చాలదని మా అభిప్రాయము. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం మున్నగువారి కథనములు ఉత్తమపురుషలో, పలుకుబడి చెడక నిలిచినవి. యంత్రము కంఠమును పట్టినది. ఏది అడుగవలెనో నిర్ణయించినది వినిన స్త్రీలు. పోరాటము తమకు స్వేచ్ఛ నిచ్చినదనియు, 1951లో అది ముగియగానే తమను ఇంటికి పొమ్మనిరనియు రెండు మాటలును ఇందు పక్కపక్కనే వినవచ్చును. ఈ వైరుధ్యమును సరిదిద్దక వినిపించుటయే గ్రంథశిల్పము. మౌఖిక సాహిత్యమును సేకరించు పరిశోధకులు యంత్రముతోపాటు ఈ శ్రవణమర్యాదను గూడ అలవరచుకొనవలెను.