పలకని తప్పు

ఎక్స్‌ఎంఎల్ పత్రంలో ట్యాగులతో గుర్తించిన సమాచారాన్ని వెబ్ పేజీగానో, ముద్రణ ప్రతిగానో, మరో ఎక్స్‌ఎంఎల్ పత్రంగానో మార్చడానికి రాసే సూచనల సమాహారాన్ని స్టైల్‌షీట్ అంటారు. ఆ సూచనలు రాసే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ భాషకు తొలి ప్రమాణం జేమ్స్ క్లార్క్ సంపాదకత్వంలో 1999 నవంబరులో వెలువడింది. మార్పిడి మధ్యలో ఆగిపోతే కారణం వెతకవచ్చు. తప్పు జరిగినా ఆగకుండా పూర్తయినప్పుడే ఈ భాషలో అసలు ప్రమాదం.

పత్రంలో ఏ భాగం కావాలో చూపే ఎక్స్‌పాత్ మార్గంలో ఎలిమెంట్ (ట్యాగుల మధ్య ఉండే సమాచార భాగం) పేరు ఒక్క అక్షరం తప్పినా, పేర్లు కలగాపులగం కాకుండా వేరుపరిచే నేమ్‌స్పేస్‌ను స్టైల్‌షీట్ లెక్కలోకి తీసుకోకపోయినా, మార్పిడిని నడిపే ప్రాసెసర్ అనే ప్రోగ్రాము సాధారణంగా దాన్ని దోషంగా ఎంచదు. అలాంటి ఎలిమెంట్ లేదనుకుని ఖాళీ ఫలితం ఇస్తుంది; ఉదాహరణకు, ధర గడి ఖాళీగా ఉన్న బిల్లు తయారై కొనుగోలుదారుకు చేరుతుంది. ఎలిమెంటును ఎలా మార్చాలో చెప్పే టెంప్లేటు ఏదీ వర్తించని ఎలిమెంట్లకు అమలయ్యే అంతర్నిర్మిత నియమం ఇంకా చిక్కైనది: అది ట్యాగులను వదిలి లోపలి పాఠాన్ని యథాతథంగా ఫలితంలోకి పంపుతుంది కనుక, బయటికి రాకూడని కార్యాలయ వ్యాఖ్య కూడా అచ్చులో కనిపించవచ్చు.

అందువల్ల తప్పును పలికించే బాధ్యత స్టైల్‌షీట్ రాసేవారిదే అవుతుంది. తొలి ప్రమాణంలోనే అందుకు మెసేజ్ అనే సూచన ఉంది. దాని టెర్మినేట్ లక్షణానికి ‘యస్’ అనే విలువ ఇస్తే మార్పిడి అక్కడే ఆగుతుంది. అయితే వేలాది పద్దులున్న పత్రం గురించి ‘ధర లేదు’ అని ఊరుకునే సందేశం దిద్దవలసిన గుమాస్తాకు ఎందుకూ కొరగాదు. ఏ బిల్లులో, ఏ వస్తువు దగ్గర, ఏమి ఉండవలసిన చోట ఏమి కనిపించిందో అతడెరిగిన బిల్లు నంబరుతోనే చెప్పాలి. సందేశం ఎక్కడికి చేరాలన్నది ప్రమాణం ప్రాసెసర్‌కే వదిలేసింది కాబట్టి, సర్వర్‌పై నడిచే ప్రోగ్రాములో దాన్ని అందుకునే ఏర్పాటు లేకపోతే అంత శ్రద్ధగా రాసిన మాట కూడా ఎవరూ తెరవని లాగ్ ఫైల్లో పడి ఉంటుంది.

మైకేల్ కే సంపాదకుడిగా 2017లో వచ్చిన 3.0 ప్రమాణం ట్రై, క్యాచ్ అనే సూచనలతో దోషాన్ని పట్టుకుని దాని కోడ్‌నూ వివరణనూ చదివే వీలు కల్పించింది. టెంప్లేట్ దొరకని ఎలిమెంట్ ఎదురైతే విఫలం కమ్మని ఆదేశించే వీలును కూడా ఇచ్చింది. ఈ రెండోదే ఎక్కువ విలువైనది, ఎందుకంటే పట్టుకున్న దోషాన్ని చెప్పకుండా దాచేస్తే పాత మౌనమే తిరిగివస్తుంది. ఎక్కడ ఆపాలన్నది మాత్రం రాసేవారి విచక్షణే: తొలి తప్పు దగ్గరే ఆపితే 20 తప్పులున్న పత్రాన్ని దిద్దుతూ 20 సార్లు నడపవలసి వస్తుంది కనుక, తప్పులన్నిటినీ ఒకే విడతలో తెలిపి, ఆ తరువాతే మార్పిడిని ఆపి, ఫలితాన్ని విడుదల కాకుండా నిలిపి ఉంచడం మేలు.