చీటీలు కలిపి చూద్దాం

పల్లెల్లో కూలిరేట్లు అడిగి రాసుకొచ్చిన మన పిల్లలకి సెమినార్లలో ఒక మాట ఎదురవుతుంటుంది: "నమూనా చిన్నది, ఈ సగటుల తేడా కాకతాళీయం కావచ్చు." కావచ్చు. ఎంతవరకు కావచ్చో లెక్కగట్టి చూపమని మాత్రం అడగరు.

జి.కొండూరు వైపు మామిడితోటల్లో ఎనిమిదిమంది కోతకూలీల్ని ఊహించుకుందాం. అంకెలు నేను కల్పించినవే. ఊళ్లోవాళ్లు నలుగురికి రోజుకి 520, 500, 480, 440 రూపాయలు. మాలపల్లెవాళ్లు నలుగురికి 450, 430, 420, 400. సగటులు 485, 425. తేడా 60. వెంటనే ఎవడో లేస్తాడు: "మీ పల్లె మనిషికి 450 ముట్టిందిగా, మావాడికి 440యే!" ఒక్కడి కూలి చూపించి మొత్తాన్ని కొట్టేయడం మనకి కొత్తకాదు.

పర్ముటేషన్ టెస్ట్ చేసేది మోటుపని. కూలిడబ్బులు ఎక్కడివక్కడే ఉంచి 'ఊరు', 'పల్లె' అన్న చీటీలు మాత్రం కలిపి మళ్లీ పంచుతుంది. కులంతో పనిలేకుండానే కూలి కడుతున్నారన్నది నిజమైతే ఏ పంపకమైనా ఒకటే. ఎనిమిదిమందిలో నలుగుర్ని ఎంచే తీర్లు 70. ఊరివైపు 60 గానీ అంతకుమించిగానీ మొగ్గు వచ్చేవి రెండే. రెండువైపులా చూస్తే నాలుగు, అంటే 5.7 శాతం. 5 శాతం గీత పట్టుకుని వేలాడేవాళ్లు "తేలలేదు" అంటారు. పల్లెకే తక్కువిస్తున్నారా అన్న ప్రశ్న ముందే వేసుకునుంటే 2.9 శాతం. అంకెలు చూశాక ప్రశ్న మార్చుకుంటే అది మోసమే, మనం చేసినా సరే.

1935లో ఫిషర్, డార్విన్ పెంచిన 15 జతల మొక్కల మీద ఈ ఆలోచన చూపించాడు. 1937లో పిట్‌మన్ రెండు గుంపుల పోలికకి దాన్ని తెచ్చాడు. ఫిషర్ యూజెనిక్స్ మనిషి, ఆ సంగతి దాచనక్కర్లేదు. మన దేశంలో కులాల సగటుల్ని పోల్చిన చరిత్ర కూడా ముక్కుల కొలతలతో ముడిపడిందే. రిస్లీ ముక్కుని కొలిచి కులాల మెట్లు కట్టాడు. 1948లో అంబేద్కర్ ఘుర్యే కొలతలు తీసుకునే బ్రాహ్మణులూ అంటరానివాళ్లూ ఒకే జాతి అని వాదించారు. నందిగామలోనూ బడి చదువు చదివిన సి.ఆర్.రావు, మహలనోబిస్, మజుందార్‌లతో కలిసి, యునైటెడ్ ప్రావిన్సెస్‌లో 1941లో తీసిన కులాల శరీరకొలతల్ని విశ్లేషించి 1949లో అచ్చువేశారు. ఆ కొలతలన్నీ ఒంటిమీద తీసినవి. కూలి అట్లా కాదు, అది ఇచ్చేవాడి చేతిలో ఉంటుంది. మనిషి అదే, పని అదే, చీటీ మారితే డబ్బు మారుతుందా అన్నదే ఇక్కడ మన ప్రశ్న. పరీక్ష అడిగేదీ అదే.

అయితే చీటీలు ఎట్లాపడితే అట్లా కలపకూడదు. నలుగురూ ఒకే తోటలో ఒకే మేస్త్రీ కింద చేస్తే వాళ్లు నలుగురు కారు, ఒక ముఠా. పల్లెవైపు అంతా ఆడవాళ్లే ఉంటే మనం కొలుస్తున్నది కులాన్నా, ఆడకూలినా? ఆడవాళ్లని ఆడవాళ్లలోనే, ఒక తోటవాళ్లని ఆ తోటలోనే కలపాలి. మన సర్వేల్లో ఎక్కువ జారిపోయేది ఇక్కడే. గుంపులు చెరో సైజులో ఉండి ఒకదాంట్లో హెచ్చుతగ్గులు మరీ ఎక్కువైతే, సగటులు నిజానికి సమానమైనా పరీక్ష తేడా ఉందని చెప్పే ప్రమాదమూ ఉంది. తేడా ఎందుకొచ్చిందో అది చెప్పదు, దానికి మళ్లీ పల్లెకే పోయి అడగాలి.

చెరో 20 మందైతే పంపకాలు 13,784 కోట్లు దాటతాయి. అన్నీ చూడనక్కర్లేదు, కంప్యూటర్‌లో పదివేలసార్లు కలిపితే చాలు.