రాణి బొమ్మా, సుద్ద బొమ్మా

సుద్ద అనగానే మనకు బడిలోని నల్లబల్ల గుర్తొస్తుంది. బొమ్మలు గీసేవాళ్ల సుద్ద వేరు. ఎర్రది ఇనుము కలిసిన మట్టి, మన గోడలకు పూసే జాజుకు దగ్గరి చుట్టం. నల్లది బొగ్గుగుణమున్న మెత్తని రాయి. ఎర్ర సుద్దను ఒకసారి గట్టిగా నొక్కితే ఆ గీతను చెరపడం కష్టం. నూనెరంగుల్లోనైతే పొరపాటు మీద మరో పూత వేసి దాచేయొచ్చు. 1789లో థామస్ లారెన్స్ అనే ఇరవయ్యేళ్ల ఇంగ్లిష్ కుర్రాడు, తోటి చిత్రకారుడు విలియం హామిల్టన్ భార్య మేరీని పెన్సిల్‌తో, ఎర్ర, నల్ల సుద్దలతో గీశాడు. ఇప్పుడా బొమ్మ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. సుద్ద పనంటే పెద్ద చిత్రానికి ముందు చేసే కసరత్తు అనుకోవడం మామూలే. నాకది తలకిందుల లెక్కలా కనిపిస్తుంది. ముఖం గురించి తేల్చుకోవలసినవన్నీ సుద్దలోనే తేలిపోతాయి. నూనెరంగు వచ్చి చేరేది చాలావరకు హోదా కోసం.

సాక్ష్యం ఆ ఏడాదిలోనే దొరుకుతుంది. బ్రిటన్ రాజు మూడో జార్జి భార్య షార్లెట్ రాణిని చిత్రించడానికి లారెన్స్‌కు విండ్సర్ నుంచి పిలుపొచ్చింది. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఆ కాన్వాసులో కిటికీ అవతల ఈటన్ కాలేజీ, రాణి ముంజేతికి రాజుగారి బొమ్మ పొదిగిన కంకణం, పట్టుగౌను మీద వెలుగు. (పట్టు మీద వెలుగును అంత బాగా పట్టినవాళ్లు అరుదు, ఒప్పుకోవలసిందే.) వీటన్నిటితో పోటీపడి రాణి ముఖం మన కంట పడాలి. అంతా చేసినా ఆ చిత్రం రాజకుటుంబానికి నచ్చలేదు. రాణి తలమీద ఏ టోపీ లేకపోవడం రాజుగారికి కోపం తెప్పించిందంటారు. లారెన్స్ పోయేదాకా అది ఆయన దగ్గరే ఉండిపోయింది. ముఖం పోలిక కన్నా మర్యాదే పెద్ద తగాదా అయిందన్నమాట. మేరీ బొమ్మకు అలాంటి బరువేమీ లేదు. ఎరుపు ఒంటి ఛాయకు, నలుపు నీడకు, అంతే.

హోదా చూపడం కూడా పోర్ట్రెయిట్ పనే కదా అనొచ్చు. నిజమే, డబ్బిచ్చేవాళ్లు కొనుక్కునేది ఎక్కువగా దాన్నే. ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది: లారెన్స్ ముఖస్తుతి చేస్తాడు, సుద్దలో కూడా. కాదనను. కళ్లకు లేని తళుకును అరువిస్తాడు. కాకపోతే ఆ మెరుగు ఎక్కడ దిద్దాడో సుద్దగీత పట్టిచ్చేస్తుంది. నూనెరంగులో ఆ జాడ వార్నిష్ కింద కలిసిపోతుంది. పైగా లారెన్స్ పనితీరే నా పక్షాన ఉంది. కాన్వాసు ఎదుట మొదటి సిట్టింగులో ఆయన రంగు ముట్టేవాడు కాదు, సుద్దతో తల గీసేవాడు. రంగు వేసినకొద్దీ ఆ గీత మరుగున పడిపోయేది. బానిస వ్యాపారం మీద పోరాడిన విలియం విల్బర్‌ఫోర్స్‌ది, 1828లో మొదలుపెట్టిన చిత్రం నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది. అందులో ముఖానికి రంగు నిండింది, ఒళ్లు మాత్రం గీతల దగ్గరే ఆగింది. 1830 జనవరిలో లారెన్స్ పోయాడు. ఆ భుజాలకు కోటు తొడిగే తీరిక ఆయనకు దొరకలేదు.