ప్లానులో మాయమయ్యే వెంటిలేటర్

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో కట్టే మామూలు ఇంటి ప్లాను తీసుకోండి. బాత్‌రూముకు రెండడుగుల వెంటిలేటర్. లింటెల్ ఏడడుగుల మీద కాబట్టి వెంటిలేటర్ అడుగు ఐదడుగుల ఎత్తున వస్తుంది. రెవిట్ అనే డ్రాయింగు సాఫ్ట్‌వేర్ మామూలుగా ఇంటిని నాలుగడుగుల దగ్గర అడ్డంగా కోసి ప్లాను చూపిస్తుంది. వెంటిలేటర్ ఆ కోతకు పైన ఉండిపోయి, ప్లానులో అక్కడ ఉత్త గోడే కనిపిస్తుంది. ఆ ప్రింటు చేతికిస్తే సుతారి గోడే లేపుతాడు. ఆయన్ను అనడానికేం లేదు.

దీనికి రెవిట్‌లో ఉన్న ఒక మందు ప్లాన్ రీజియన్. ఆ గోడ చుట్టూ హద్దు గీసి, అంతమేరకు కోత ఎత్తు పెంచాలి. పై అంతస్తు ప్లానుకు మళ్ళీ అదే పని. ఆటోక్యాడ్ ఆర్కిటెక్చర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో కట్ ప్లేన్‌కు, అంటే ఆ కోతకు, పైన పడే భాగాలకు విడిగా డిస్‌ప్లే కాంపొనెంట్లుంటాయి. ఒక స్టైల్‌కు వాటిని ఆన్ చేసి డాష్ గీత ఇస్తే ఆ స్టైల్ వెంటిలేటర్లన్నీ ఒక్కసారే బయటపడతాయి.

రెండూ ఇప్పుడు ఆటోడెస్క్ సరుకే అయినా పుట్టిన ఇళ్ళు వేరు. ఆటోక్యాడ్ ఆర్కిటెక్చర్ 1998లో ఆర్కిటెక్చరల్ డెస్క్‌టాప్ పేరుతో ఆటోక్యాడ్ మీదే పుట్టింది. రెవిట్ 2000లో వేరే కంపెనీ నుంచి వచ్చింది, 2002లో ఆటోడెస్క్ దాన్ని కొనుక్కుంది. ఒకదాని చూపు గీత మీద, రెండోదాని చూపు వస్తువు మీద.

గీత మీద చూపున్నదానికో రోగం ఉంది. కిటికీ రూపాన్ని డ్రాయింగు మొత్తానికీ మార్చవచ్చు, ఒక స్టైల్‌కు మార్చవచ్చు, ఒక్కగానొక్క కిటికీకీ మార్చవచ్చు. ఈ మూడోదే కొంప ముంచుతుంది. ఎవరో తొందరలో ఒక కిటికీకి ఓవర్‌రైడ్ పెట్టి వెళ్తారు. తరువాత స్టైల్ మార్చినా అది మాత్రం మారదు, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు. రెవిట్‌లో గీత రంగూ మందమూ వ్యూలోనే మార్చుకోవచ్చు గానీ, గుర్తు ఆకారం మారాలంటే ఆ కిటికీ మూల ఫైలైన ఫ్యామిలీ తెరిచి సింబాలిక్ గీతలు దిద్ది మళ్ళీ లోడ్ చేయాల్సిందే. విసుగు పనే. కానీ డబ్ల్యూ-1 అన్న కిటికీ ఎక్కడున్నా డబ్ల్యూ-1 లాగే ఉంటుంది.

పాత పాలమూరు జిల్లాలోని అలంపురానికి వెళ్తే తూకం మారుతుంది. బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాల గోడల్లో రాతిని తొలిచి చేసిన జాలీ కిటికీలున్నాయి. ఆటోక్యాడ్ ఆర్కిటెక్చర్‌లో ఆ అల్లికను బ్లాకుగా గీసి, ఎలివేషన్ రూపానికి మాత్రమే తగిలించవచ్చు. ప్లాను తేలిగ్గా ఉంటుంది. అయితే అలా తగిలించింది బొమ్మే. సెక్షన్ కోస్తే అందులో రంధ్రం ఉండదు, రాతి మందమూ తెలియదు. రెవిట్‌లో రంధ్రాన్ని నిజంగా తొలవాలి. చాలా శ్రమ, కానీ వెలుతురు ఏ కోణంలో లోపలికి దిగుతుందో చూడాలంటే ఆ శ్రమ పడక తప్పదు. గుడిని రికార్డు చేసే పనికి నేను రెవిట్‌నే ఎంచుకుంటాను.

మున్సిపాలిటీ అనుమతికి ఈ గొడవ అంతగా లేదు. మంజూరు ప్లానులోని జాయినరీ పట్టిక కిటికీ పేరు, పొడవు, ఎత్తు, సంఖ్య అడుగుతుంది. గీత అందం అడగదు. పొడి వేడి ప్రాంతాల్లో గది నేల వైశాల్యంలో కనీసం పదో వంతు కిటికీ ఉండాలని జాతీయ భవన నిర్మాణ స్మృతి అంటుంది. పది బై పన్నెండు గదికి పన్నెండు చదరపు అడుగులు, అంటే ఒక నాలుగు బై నాలుగు కిటికీ సరిపోతుంది. ఆ లెక్క ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఒకటే.

సైటుకు వెళ్ళే ఇంటి ప్లానుకు మాత్రం నా ఓటు ఆటోక్యాడ్ ఆర్కిటెక్చర్‌కే, ఒక్కో కిటికీకి ఓవర్‌రైడ్ పెట్టే అలవాటు లేని డ్రాఫ్ట్స్‌మన్ దొరికితే.