బడిగదియు బాలల మనస్సును

బడి యనగానే మనకు పలకయు, పుస్తకమును, బెత్తమును జ్ఞప్తికి వచ్చును గాని గది జ్ఞప్తికి రాదు. అయినను ఉపాధ్యాయుడు నోరు విప్పకమున్నే గది బిడ్డకొక పాఠము చెప్పును: ఇచట భయపడుమనియో, ఇచట నిర్భయముగ నుండుమనియో. ఈ విషయమున మన బడులను, మనవారు చదువుకొన్న రెండు గ్రంథములను కలిపి విమర్శింప దలచితిమి.

2022లో తెలంగాణ ప్రభుత్వము ‘మన ఊరు - మన బడి’ యను పథకమును ప్రారంభించి, 26,065 బడులను మూడు విడతలుగ బాగుచేయ సంకల్పించెను. మరుగుదొడ్లు, త్రాగునీరు, విద్యుత్తు, బల్లలు, రంగులు, ప్రహరీ మున్నగు పండ్రెండంశము లందు గలవు. ఇవి యవసరములే. మరుగుదొడ్డి లేని బడిలో ఆడుపిల్ల ఉదయమునుండి నీరు త్రాగక కూర్చుండును. అట్టి దేహమున మనశ్శాంతి యెట్లు నిలుచును? కాని యా పండ్రెండు పేరులలో ధ్వని మాట లేదు. మనసు కలతచెందిన బిడ్డ కొంతసేపు ఒదిగి కూర్చుండు మూల మాటయు లేదు.

మెదకు పట్టణమందలి చర్చిని చూడుడు. 1914లో మొదలై 1924లో ముగిసిన యా మందిరమును పోస్నెట్ దొర కరవుకాలమున జనులకు పని కల్పించి కట్టించెను. వేలమంది కూర్చుండు నచట మాట మారుమ్రోగకుండ పైకప్పున స్పంజివంటి బోలుపదార్థమును గూర్చిరని చెప్పుదురు. పెద్దలు ప్రార్థన వినుట కంత శ్రద్ధ! పిల్లలు పాఠము వినుటకో, సిమెంటు కప్పు, నున్నని గోడలు, బండల నేల. నలువది గొంతులు లేచినచో ధ్వని గోడలకు తగిలి మరలివచ్చును. ఉపాధ్యాయుడు దానిని మించి కేకవేయును. ఆ కేకను బిడ్డ కోపమని గ్రహించును. నేలపై చాపలు, గోడపై గోనెపట్టా, కిటికీకి గుడ్డతెర—ఇంతమాత్రమైనను రొద కొంత తగ్గును. వ్యయమును స్వల్పమే.

తెలుగున ‘రైలుబడి’గా వచ్చిన తెత్సుకో కురొయనాగి గ్రంథము 1981లో జపానున వెలువడెను. పాత రైలుపెట్టెలే తరగతిగదులైన బడి కథ యది. చదివినవా రందఱు పెట్టెలనే మెచ్చుకొందురు. మా యభిప్రాయమున నందలి ముఖ్యవిషయము వేఱు. మొదటి బడినుండి వెళ్లగొట్టబడిన చిన్నదాని మాటలను ప్రధానోపాధ్యాయుడు కొబయాషి తొలినాడే నాలుగు గంటలు వినెను. ఆ బిడ్డకు శాంతి నిచ్చినది పెట్టె కాదు, ఆ వినికిడి. అయినను ఆ బడిలో మొత్తము సుమారు ఏబదిమందియే. మన యుపాధ్యాయునకు నాలుగు గంటలెచటివి యను ప్రశ్నకు ఆ గ్రంథమున సమాధానము దొరకదు.

1932 నాటి గిజూభాయి గుజరాతీ రచన ‘దివాస్వప్నము’ మనకు మిక్కిలి దగ్గర. అందలి లక్ష్మీరాము సర్కారుబడిలో నాలుగవ తరగతి పుచ్చుకొని, తొలినాడు మౌనపు ఆట యాడింపబోయి విఫలు డగును. మరునాడు కథ చెప్పగా అల్లరి తానే యణగును. ఆజ్ఞచే వచ్చునది నిశ్శబ్దము. నమ్మకముచే వచ్చునది శాంతి. ఈ భేదమును ఇంత సులభముగ జూపిన గ్రంథ మఱియొకటి మేమెఱుగము. తక్కిన యుపాధ్యాయులను చాలవఱకు పరిహాసకులుగ చిత్రించుట మాత్రము లోపమే. వారి కష్టమును గూడ చెప్పవలసియుండెను.

2009 నాటి విద్యాహక్కు చట్టము దండనమును, మానసిక వేధనను గూడ నిషేధించినది. కాని “రెండు తగిలించండి మాస్టారూ, మేమేమీ అనుకోము” అని చెప్పు తలిదండ్రులు నేటికిని గలరు. గృహమున నుండి బడికి పంపబడిన యా బెత్తమును ఏ చట్టము విఱువగలదు?

సోదరీసోదరులారా, బిడ్డ యింటికి రాగానే మార్కులెన్ని యని యడుగుట మానుడు. “ఏడ్పు వచ్చినచో బడిలో ఎవరి దగ్గఱకు పోదువు? ఎచట కూర్చుందువు?” అని యడుగుడు. బిడ్డ జవాబు చెప్పలేనిచో, ఆ ప్రశ్ననే మఱునాడు ప్రధానోపాధ్యాయుని యొద్దకు మర్యాదతో తీసికొనిపొండు.