ఉమ్మెత్త పూసే వేళ

ఉమ్మెత్త పొద్దుగూకాక విచ్చుకునే పువ్వు. తెల్లని గరాటా ఆకారం, ఘాటైన వాసన, అడుగున తేనె: అన్నీ రాత్రి తిరిగే శలభాలకు పిలుపులే. చేతబడి, వశీకరణం కథల్లో ఈ మొక్కకు పెద్ద పేరుంది. కానీ దాని బలం మంత్రానిది కాదు, గింజల్లోని అట్రోపిన్, స్కోపోలమైన్‌లది. తిన్నవారికి కంటిపాపలు విప్పారతాయి, నోరు ఎండిపోతుంది, లేనివి కనిపిస్తాయి, ప్రాణమూ పోవచ్చు. 19వ శతాబ్దంలో ఈ గింజలు తిండిలో కలిపి బాటసారులను దోచుకున్న ముఠాలకు ఏ మంత్రమూ అవసరం రాలేదు. ఇదే ఉమ్మెత్త వినాయక చవితినాటి 21 పత్రుల్లోనూ ఉంది. పూజకైనా క్షుద్రానికైనా మొక్కను పోల్చుకోవాలి, అది ఏ వేళ పూస్తుందో తెలియాలి. మంత్రాన్ని వదిలేద్దాం. రాత్రిని గమనించే ఆ చూపును మాత్రం వదులుకోకూడదు.

ఎందుకంటే రాత్రే మారిపోతోంది. నిండు పున్నమి వెన్నెల 0.3 లక్స్‌కు మించదు. వీధి దీపం కింద పది లక్స్ మామూలే, అంటే ముప్ఫై రెట్లకు పైమాటే. స్విట్జర్లాండ్ పచ్చిక బయళ్లలో దీపాలు పెట్టి చూస్తే పూల మీద రాత్రి వాలే పురుగుల రాక 62 శాతం తగ్గిందని 2017లో తేలింది. పరిశీలించిన ఒక మొక్కకు కాయలూ 13 శాతం తగ్గాయి. ఉమ్మెత్త తన పుప్పొడితోనే కాయగలదు కాబట్టి అది బతుకుతుంది. తేనె కోసం వెతికే శలభానికి ఆ వెసులుబాటు లేదు.

చీకటిని కోరడమంటే చేతబడి భయాలను మళ్లీ పిలవడమేనని ఎవరైనా అనవచ్చు. మంత్రగాళ్లన్న అనుమానంతో మనుషులను చంపిన ఘోరాలు కరెంటు ఉన్న ఊళ్లలోనే జరిగాయి. అనుమానాన్ని బల్బు పోగొట్టలేదు. కొన్ని రకాల పురుగుమందులు తాగినవారిని బతికించడానికి ఆసుపత్రిలో ఎక్కించేది ఉమ్మెత్తలో ఉండే ఈ అట్రోపినే అని తెలిస్తే కొంత పోతుంది. ఆడవాళ్ల భద్రత మాటేమిటన్నది ఇంతకన్నా బరువైన ప్రశ్న. దారిలో వెలుగు ఉండాల్సిందే, అందులో రాజీ లేదు. ఆకాశంలోకీ చెరువు మీదికీ పోయే వెలుగు మాత్రం ఎవరినీ కాపాడదు. 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖ వీధుల్లోకి ఎల్‌ఈడీలు వచ్చాయి, కరెంటు ఆదా అయింది. ఎల్‌ఈడీ కాంతిని తగ్గించడం, పసుపు వన్నెకు మార్చడం, పైన మూతపెట్టి నేలమీదికే పడేలా చేయడం కష్టమేమీ కాదు. పురపాలికలు టెండర్లలో వాట్లతోపాటు వెలుగు ఎటు పడాలో, అర్ధరాత్రి దాటాక ఎంత తగ్గాలో కూడా రాయాలి.