ఒక్క టికెట్టుతో తీరిక దొరికిన ఆట

పిన్‌బాల్ యంత్రం చిల్లర డబ్బుల మీద బతికిన ఆట. ఉక్కు గుండు ఎంత తొందరగా కిందికి జారిపోతే, ఆడేవాడు అంత తొందరగా మళ్లీ జేబు తడుముకుంటాడు. కాలిఫోర్నియాలో, ఓక్లండ్ పక్కనే ఉన్న అలమీడాలోని పసిఫిక్ పిన్‌బాల్ మ్యూజియం ఈ లెక్కను తలకిందులు చేసింది. గుమ్మం దగ్గర ఒకసారి టికెట్టు కొంటే చాలు, లోపలి యంత్రాలను నాణెం వేయకుండానే ఆడుకోవచ్చు. ఫ్రీమాంట్ చుట్టుపక్కల స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఇది దూరమేమీ కాదు. ఈ ఏర్పాటు వల్ల మిగిలేది డబ్బు ఒక్కటే కాదు. ఆటను నేర్చుకునే తీరిక దొరుకుతుంది.

ఇది నేర్చుకోవలసిన విద్య అని జనం ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. గుండును ముందుకు తోసే స్ప్రింగు ప్లంజర్‌కు మాంటేగ్ రెడ్‌గ్రేవ్ 1871లో పేటెంటు పొందాడు. 1931లో గాట్లీబ్ కంపెనీ తెచ్చిన 'బాఫిల్ బాల్' విపరీతంగా అమ్ముడుపోయింది కానీ, దానికి గుండును తిరిగి పైకి కొట్టే ఫ్లిప్పర్లు లేవు. గుండును వదిలాక చేయగలిగింది తక్కువే. అందుకే పిన్‌బాల్‌ను జూదం కింద జమకట్టి న్యూయార్క్ నగరం 1942లో నిషేధించింది. 1947లో అదే గాట్లీబ్ 'హంప్టీ డంప్టీ'కి ఆరు ఫ్లిప్పర్లు అమర్చడంతో ఆట మనిషి చేతికొచ్చింది. నిషేధం మాత్రం 1976 దాకా కదల్లేదు. ఆ ఏడాది రోజర్ షార్ప్ అనే యువకుడు నగర ప్రతినిధుల ముందు నిలబడి, గుండు ఏ దారిన పోతుందో ముందే చెప్పి మరీ వదిలాడు. ఆట నైపుణ్యానిదేనని వాళ్లు ఒప్పుకున్నారు.

ఆ నైపుణ్యంలో మొదటి పాఠం, చేతులు కట్టుకోవడం. కొత్తవాళ్లు గుండు కనబడగానే ఫ్లిప్పర్లను కదిపే రెండు మీటలూ టపటపా నొక్కేస్తారు. చేయి తిరిగినవాళ్లు ఏమీ నొక్కరు. కుడి ఫ్లిప్పర్ మీదికి దూసుకొచ్చిన గుండును అలాగే వదిలేస్తే, అది రబ్బరు మీద పడి ఎగిరి ఎడమ వైపుకు వస్తుంది. అప్పటికి వేగం చచ్చిపోయి ఉంటుంది. ఎడమ ఫ్లిప్పర్‌ను పైకెత్తి పట్టుకుంటే దాని మొదట్లో గుండు ఒదిగి ఆగిపోతుంది. ఇక గురి చూసుకోవడమే. పట్టు వదిలితే గుండు ఫ్లిప్పర్ మీదుగా కిందికి దొర్లుతుంది. కొనకు చేరినప్పుడు కొడితే బాగా అవతలి పక్కకు పోతుంది, అంతకుముందే కొడితే గురి ఇటు జరుగుతుంది. క్యారమ్స్‌లో లాగే ఇక్కడా బలం కన్నా కోణం ముఖ్యం.

రెండో పాఠం, యంత్రాన్ని తట్టడం. పెట్టెను కాస్త కదిపి గుండు దారి మళ్లించడం మోసం కాదు, ఆటలో భాగమే. దానికి హద్దూ ఉంది. పెట్టె లోపల బరువు కట్టిన సన్నని కడ్డీ ఒకటి లోహపు రింగు మధ్యగా వేలాడుతుంటుంది. గట్టిగా కుదిపితే కడ్డీ రింగును తాకి సర్క్యూట్ కలుస్తుంది. 'టిల్ట్' దీపం వెలుగుతుంది, ఫ్లిప్పర్లు చచ్చుబడతాయి, గుండు చేజారిపోతుంది. ఎంత తడితే చాలో అరచేతికి తెలియాలంటే చాలా గుండ్లు పోగొట్టుకోవాలి. ప్రతి గుండుకూ డబ్బు కట్టాలంటే అంత ఓపిక ఎవరికుంటుంది?

1970ల మధ్య దాకా వచ్చిన యంత్రాల్లో చిప్పులు లేవు. రిలేలు, కాయిల్స్, అంకెల చక్రాలతోనే లెక్కంతా సాగేది. ఆ లోపలి పనిని కళ్లారా చూడాలంటే, 1976 నాటి 'సర్ఫ్ చాంప్' ఆటను పారదర్శకమైన పెట్టెలో మళ్లీ కట్టిన యంత్రం ఈ మ్యూజియం సేకరణలో ఉంది. ఇలాంటి యంత్రాన్ని ఆడకుండా మూలన పెడితే కాంటాక్టులకు చిలుము పడుతుంది, రబ్బరు బిగుసుకుపోతుంది. ఆడుతుంటేనే ఏ భాగం మొరాయిస్తోందో తెలుస్తుంది, దాన్ని బాగుచేసే పనితనమూ బతుకుతుంది. అద్దాల వెనక దాచితే యంత్రం మిగులుతుందేమో గానీ ఆట మిగలదు.

పిల్లల్ని తీసుకెళ్తే అన్నీ తిప్పి చూపించాలని తొందరపడకండి. ఏదైనా ఒక పాత యంత్రం ముందు నిలబెట్టి, గుండును ఆపడం వచ్చేదాకా అక్కడే ఆడనివ్వండి. టికెట్టుకు పెట్టిన డబ్బు రెండు విధాలా సార్థకమవుతుంది. ఆ చేతులకు ఒక విద్య వస్తుంది, ఆ యంత్రాన్ని మరికొన్నేళ్లు నడిపేవాళ్లకు ఆసరా దొరుకుతుంది.